బుడగల సీలు

నా ఉద్యోగం ఏమిటని బంధువులెవరైనా అడిగితే, తప్పులు వెతకడం అని చెప్పేదాన్ని. "దానికి జీతం కూడా ఇస్తారా వదినా? మా అమ్మ ఊరికే చేసిపెడుతుంది" అని ఒకసారి మా ఆడపడుచు అందరి ముందూ అనేసింది. మా అత్తగారు కూడా నవ్వేశారు కాబట్టి గొడవ జరగలేదు.

ఆ మాట అబద్ధం కాదు. రాంగోపాల్‌పేటలో ఒక చిన్న లెన్సుల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగం నా చేతిలో ఉండేది. లెన్సులంటే టెలిస్కోపులూ రాకెట్లూ ఊహించుకోకండి. కాలేజీ ల్యాబుల మైక్రోస్కోపులకీ, సర్వేవాళ్ళ పరికరాలకీ, జిరాక్స్ మిషన్లకీ వేసేవి. గీత గానీ, గుంట గానీ, లోపల బుడగ గానీ, దుమ్ము రేణువు గానీ కనబడిందా, ఆ ముక్క ఎర్ర ట్రేలోకి పోవాల్సిందే. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం అదే పని. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై సికింద్రాబాదు వచ్చినదాన్ని, బీయస్సీ ఫిజిక్సు చదివినదాన్ని, ఖాళీగా కూర్చోవడం ఇష్టంలేక చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు మీరు ఫోను తీసి ఓ గళ్ళ బొమ్మ మీద పెడితే, అట్టపెట్టెలో సరుకు అసలుదో నకిలీదో చెప్పేస్తోంది. మీకది వింత కాదు. మా చిన్న ఫ్యాక్టరీ కూడా ఒకప్పుడు అలాంటి వ్యవహారంలోనే తలదూర్చి చేతులు కాల్చుకుంది. చదువుకుని ఇలాంటి పనుల్లోకి వెళ్ళబోయేవాళ్ళు మీలో ఉంటారని ఇది రాస్తున్నాను. ఉపదేశం ఏమీ లేదు, భయపడకండి.

అప్పట్లో సికింద్రాబాదులో ఎవరిని కదిపినా కంప్యూటర్ కోర్సు మాటే. ప్యాట్నీ సెంటర్ చుట్టుపక్కల ఏ మేడ చూసినా ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డు. కోర్సు పూర్తిచేసిన పిల్లలు పొద్దున్నే రైలెక్కి హైటెక్ సిటీ వైపు పోయేవాళ్ళు. మా దగ్గర పాలిషింగ్ నేర్చుకున్న కుర్రాళ్ళు కూడా ఒక్కొక్కరే మానేసి ఏవో కోర్సుల్లో చేరిపోయారు. మా యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. తాతల కాలం నుంచీ ఈ ఊరివాడు, లెన్సులు తప్ప మరో వ్యాపారం ఎరగనివాడు. తన స్నేహితులంతా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అంటూంటే ఆయనకి మనసు ఆగలేదు. ఒక ప్రోగ్రామర్ కుర్రాడిని తెచ్చి, నా టేబులు పక్కనే కుర్చీ వేయించాడు.

ఆ కుర్రాడిది విజయనగరం వైపు. మాటలో యాస వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మాట పూర్తయ్యేసరికి మళ్ళీ కూర్చుంది. ఎందుకంటే వాడు అడిగింది బుడగలు.

"మేడమ్, బుడగలున్న ముక్కలు ఇప్పించండి. ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది."

"ఏటి బాబూ, బుడగలేం చేసుకుంటావు?"

అప్పుడు చెప్పాడు. పారదర్శకంగా ఉండే రెజిన్ అనే జిగురు చుక్క ఒకటి స్టిక్కరు బొట్టుబిళ్ళంత పల్చగా పోసి ఆరబెడితే, దానిలో సన్నటి బుడగలు ఎక్కడెక్కడో ఏర్పడతాయి. ఎక్కడ ఏర్పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. ఏ రెండు చుక్కల్లోనూ ఒకే తీరుగా రావు. చేసినవాడు కూడా అలాంటిదే ఇంకొకటి చెయ్యలేడు. ఆ చుక్కని ఒక కాగితం మీద సీలుగా అంటించి, పక్కవాటంగా వెలుతురు వేసి ఫొటో తీసి కంప్యూటర్లో దాచుకుంటే, ఆ కాగితానికి వేలిముద్ర ఏర్పడ్డట్టే. తరవాత ఎక్కడైనా ఆ సీలుని రీడరు కింద పెడితే, బుడగలు పాత ఫొటోతో సరిపోతే పచ్చ లైటు, సరిపోకపోతే ఎర్ర లైటు.

నేను ఎర్ర ట్రేలో పారేసినవే వాడికి కావాలన్నమాట. నాకు ముచ్చటేసింది, అబద్ధం చెప్పను. కొంచెం చిరాకూ వేసింది.

అసలు కష్టం బుడగలు చేయించడంలో వచ్చింది. చవక రకం లెన్సులు రెజిన్‌తో పోసే మా మోల్డింగ్ మేస్త్రీ ఈ ఊరివాడే, పెద్దవాడు. రెజిన్ని వేక్యూమ్‌లో పెట్టి ఒక్క బుడగ మిగలకుండా గాలి లాగడంలో ఆయనంతటివాడు లేడు. బుడగలు కావాలంటే ఆయనకి బుర్రకెక్కలేదు. మొదటి రోజు అద్దంలాంటి చుక్కలు పోసి తెచ్చాడు. కాదన్నాం. రెండోసారి సూదితో గాలి ఎక్కించి, ముగ్గులో చుక్కలు పెట్టినట్టు వరసగా, అన్నీ ఒకే సైజులో బుడగలు వేసి తెచ్చాడు. ప్రోగ్రామర్ తల పట్టుకున్నాడు.

"ఇలా ఒకేలా ఉండకూడదు మేస్త్రీగారూ. చిందరవందరగా ఉండాలి."

"గింత మంచిగ వేస్తే వద్దంటవేందీ?" అన్నాడు మేస్త్రీ. నా వైపు తిరిగి, "ఇన్నేండ్లు బుడగ వచ్చిందని తిడ్తివి. ఇప్పుడు బుడగ మంచిగ వచ్చిందని తిడుతున్నవ్. నేను యాడికి పోవాలమ్మా?" అని అడిగాడు.

చివరికి ఆయన కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లల చేతికి రెజిన్ ఇచ్చి, మీకు ఇష్టమొచ్చినట్టు కలపండని, తను బయటికి వెళ్ళి బీడీ కాల్చుకున్నాడు. ఆ రోజు వచ్చిన బుడగలు అద్భుతం. అయితే ఆ ట్రేలన్నీ నా ఇన్‌స్పెక్షన్ టేబుళ్ళకి రాగానే, నా దగ్గర పనిచేసే అమ్మాయిలు అలవాటు కొద్దీ మొత్తం స్క్రాపులో పోసేశారు. వాళ్ళని అనడానికి నోరెలా వస్తుంది? ఆ అలవాటు చేసిందే నేను.

అలా పడుతూ లేస్తూ సీలు తయారైంది. నీళ్ళలో నానబెట్టాం. టీ పోశాం. కొబ్బరినూనె రాశాం. మే నెల ఎండలో డాబా మీద పడేశాం. మడతపెట్టాం, చేత్తో నలిపాం. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పైనుంచి చదివించాం. అన్నిటికీ పచ్చ లైటే వచ్చింది. సేటు మా అందరికీ బిర్యానీ తెప్పించాడు.

మొదటి గిరాకీ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. వాళ్ళ సర్టిఫికెట్ల మీద ఊళ్ళో నమ్మకం పోయింది. వాళ్ళ ఆఫీసులోనే ఎవరో డబ్బు తీసుకుని, కోర్సుకి రాని వాళ్ళ పేర్లు రికార్డుల్లో ఎక్కించి సర్టిఫికెట్లు అమ్ముకున్నారట. ఇక వాళ్ళు 'ఈ పిల్ల మా దగ్గరే చదివింది' అని చెప్పినా సాఫ్ట్‌వేర్ కంపెనీలు వినడం మానేశాయి. అందుకని మా సీలు తీసుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ యజమాని తన ఎదురుగా పరీక్ష పాసైన వాళ్ళ సర్టిఫికెట్లకే తన చేత్తో సీలు అంటించి, అక్కడే ఫొటో తీయించేవాడు. రెండు మూడు కంపెనీలకి ఆ ఫొటోల కాపీలతో సహా మా రీడర్లు ఇచ్చాం. మా ప్రోగ్రామర్ కూడా సాయంత్రాలు ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఏదో పెద్ద కోర్సు చదివాడు. తొలి సీళ్ళలో ఒకటి వాడి సర్టిఫికెట్‌కే పడింది. దాన్ని ఫైల్లో పెట్టుకుని పసిబిడ్డలా తిప్పేవాడు.

అంతా బాగుందనుకున్నాం. ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, వాచ్‌మన్ ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. వెనకాల తండ్రి. బొల్లారంలో మిలిటరీ వాళ్ళ యూనిఫాంలు కుట్టే దర్జీ అని తరవాత తెలిసింది. మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చేశాడు.

"మేడం, నాది దొంగ సర్టిఫికెట్ అంటున్నరు" అంది ఆ అమ్మాయి. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిందని మొహం చూస్తే తెలుస్తోంది. "జాబ్ వచ్చింది మేడం. జాయినింగ్ దినం మీ మిషన్ల పెడితే ఎర్ర లైట్ వచ్చింది. మల్ల పెట్టిన్రు, మల్ల ఎర్రదే. శుక్రారం లోపల ఏదన్న రుజువు తెస్తే సరే, లేకుంటె ఫేక్ అని రాస్తమన్నరు. ఒక్క కంపెనీ రాస్తే ఇగ ఏ కంపెనీ తీస్కోదంట."

తండ్రి సంచీలోంచి సర్టిఫికెట్ తీసి రెండు చేతులతో నా టేబులు మీద పెట్టాడు.

ప్రోగ్రామర్ రీడరు పెట్టాడు. ఎర్ర లైటు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్ర లైటు. వాడు నా వైపు చూసిన చూపు అర్థమైంది. దొంగదే మేడమ్, అంటున్నాడు. నాకూ అలాగే అనిపించింది. మేం నెత్తీ నోరూ కొట్టుకుని చేసిన సీలు అబద్ధం చెబుతుందని ఎందుకనుకుంటాం?

"సీలు ఎవరైనా మార్చారా అమ్మా?" అని అడిగాను.

"ఎట్ల మారుస్తరు మేడం, లామినేషన్ లోపల ఉన్నది గద?" అంది ఆ అమ్మాయి.

ఉంది. వచ్చినప్పటి నుంచీ మా ఎదురుగానే ఉంది. దళసరిగా, అంచులు గుండ్రంగా కత్తిరించి, దర్జాగా లామినేషన్ చేయించిన సర్టిఫికెట్. మా ఇద్దరికీ అది కనబడనే లేదు. ఎందుకంటే నా డిగ్రీ సర్టిఫికెట్ అలాగే ఉంది, మా పిల్లల టెన్త్ మార్కుల మెమోలు అలాగే ఉన్నాయి. సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు దేవుడి దగ్గర పెడతాం, తరవాత జిరాక్స్ షాపుకి తీసుకుపోయి లామినేషన్ చేయిస్తాం. ఈ ఊళ్ళో అలా చెయ్యని కుటుంబం ఉందా? నీళ్ళూ టీ కొబ్బరినూనే అన్నీ పోసి చూసిన మేం, ప్రతి ఇంట్లోనూ మొట్టమొదట చేసే ఆ పని చేసి చూడలేదు. ప్రోగ్రామర్ మాత్రం తనది ఇంకా చేయించలేదు. అమ్మకి చూపించాక చేయిద్దామని ఆగాడట.

"లామినేషన్ ఎలా చేశారండీ?" అని తండ్రిని అడిగాను.

ఆయనకి ఇదొక్కటే తెలిసిన సంగతి. గొంతు కొంచెం లేచింది. "మంచిగ చేయించినమ్మా. పల్చటిది వద్దు, మందంది వెయ్యమన్న. ఒక్కసారి ఎక్కిస్తే అంచులు సరిగ అంటుకోలే. గట్టిగ ఉండాలె, ఇంకోసారి ఎక్కియ్యమన్న. దగ్గరుండి చేయించిన."

రెండుసార్లు వేడి రోలర్ల మధ్య నుంచి పోయిందన్నమాట. ప్రోగ్రామర్ మొహంలో రంగు మారింది. వాళ్ళని బయట కూర్చోబెట్టి, వాడు కిందికి పరుగెత్తి, మా దగ్గరున్న శాంపిల్ సీలొకటి పక్క సందులో లామినేషన్ చేయించుకొచ్చాడు. భూతద్దం కింద పెట్టి చూశాను. చిన్న బుడగలు మాయమయ్యాయి. పక్కపక్కన ఉన్నవి కలిసి ఒకటయ్యాయి. పెద్దవి నలిగి పక్కకి జరిగాయి. మే నెల ఎండకి తట్టుకున్న రెజిన్, ఆ వేడికీ ఒత్తిడికీ కలిపి తట్టుకోలేకపోయింది. రీడరు కింద పెట్టాడు. ఎర్ర లైటు.

సేటుకి చెప్పాం. ఇంకో రెండు కాలేజీల వాళ్ళు సీలు చూడడానికి వస్తామన్న వారం అది.

"అమ్మా, ఒక్క పిల్ల కోసం మొత్తం దుకాణం మూసుకోవాల్నా?" అన్నాడు. "ఇన్‌స్టిట్యూట్‌కి చెప్పి కొత్త సర్టిఫికెట్ ఇప్పిద్దాం. కొత్త సీల్ వేద్దాం. ఖతమ్."

"ఎర్ర లైటు వచ్చాక కొత్త కాగితం తెస్తే, కొనుక్కొచ్చిందనే అంటారు సేటూ" అన్నాను. "అలాంటివి కొనుక్కొస్తున్నారనే కదా మన సీలు పెట్టింది."

ఆయన గదిలో అటూ ఇటూ తిరిగాడు. చెడ్డవాడు కాదు. పరేషాన్‌లో ఉన్నాడు. "సరే, పోండి. మాట్లాడుండ్రి. కాని మన మిషన్ తప్పు అని మాత్రం అనకుండ్రి. వేడి తగిలితే జెర తేడా వస్తది, అనుండ్రి. అంతే."

శుక్రవారం పొద్దున మేం నలుగురం సికింద్రాబాదు స్టేషన్లో ఎమ్మెమ్టీఎస్ ఎక్కాం. ఆ అమ్మాయి, తండ్రి, ప్రోగ్రామర్, నేను. రైలంతా మెళ్ళో కార్డులు వేసుకున్న పిల్లలే. ఆ అమ్మాయి వాళ్ళ కార్డుల వంకే చూస్తూ నిలబడింది. సీలులో తప్పుంటే అది నా టేబులు దాటి పోయిన తప్పు, శిక్ష ఈ పిల్లకి పడుతోంది. సీటు దొరికితే కూర్చోమన్నాను, కూర్చోలేదు.

ఆ కంపెనీ గేటు దగ్గర తండ్రిని ఆపేశారు. లోపలికి ముగ్గురికే పాసులన్నారు. ఆయన వాదించలేదు. "నేను గీడనే ఉంట బిడ్డా" అని సెక్యూరిటీ గది పక్కన నీడ చూసుకుని కూర్చున్నాడు.

హెచ్ఆర్ ఆఫీసరు నా వయసువాడే, మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించాడు. ప్రోగ్రామర్ వేడి సంగతంతా వివరించాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, నాకు పర్సనల్‌గా ఆ అమ్మాయి మీద ఏమీ లేదు" అన్నాడు. "కానీ ఈ రీడర్ అమ్మేటప్పుడు మీవాళ్ళు ఏమన్నారు? మనిషి మాట నమ్మొద్దు, మిషన్‌ని నమ్మండి అన్నారు. ఇప్పుడు మీరే వచ్చి మిషన్‌ని నమ్మొద్దంటున్నారా?"

సేటు చెప్పి పంపిన మాట నాలుక చివరే ఉంది. వేడి తగిలితే జెర తేడా. ఆ మాట చెబితే ఆయన తల ఊపి, సారీ మేడమ్ అని లేస్తాడని నాకు స్పష్టంగా తెలిసింది. పక్కన ఆ అమ్మాయి చున్నీ అంచు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది.

"అవునండి" అన్నాను. "మా మిషన్ తప్పు చెప్పింది."

ప్రోగ్రామర్ ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రం చూసుకుందాం అనుకున్నాను.

"మాటలు కాదు మేడమ్, చూపించండి" అన్నాడాయన.

మా బ్యాగులో శాంపిల్ సీళ్ళున్నాయి. తీశాం. ఆయన ముట్టుకోలేదు. "ఇవి మీరు చేసినవి. మీకు కావాల్సినట్టు చేసుకొస్తారు. బయట ఇచ్చిన అసలు సర్టిఫికెట్ ఏదైనా ఉంటే చెప్పండి. నా ఎదురుగా ముందు పచ్చ రావాలి, తరవాత నా ఎదురుగా ఎర్ర రావాలి."

న్యాయమైన మాటే. కానీ ఎవరిది అడుగుతాం? ఏ పిల్ల తన సర్టిఫికెట్ పాడుచేసుకోవడానికి ఇస్తుంది? నేను ఆలోచిస్తూండగానే ప్రోగ్రామర్ తన ఫైలు తెరిచాడు.

"నాదుంది సార్."

వాడికి వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం ఒరిజినల్స్ తెమ్మన్నారు. మా దగ్గర మానేస్తున్నట్టు సేటుకి కూడా చెప్పేశాడు. "ఏటి బాబూ, నీ జాయినింగుందిగదా" అన్నాను వాడి చెయ్యి పట్టుకుని.

"పర్లేదండి. అక్కడ ఎర్ర లైటొస్తే, మీరొచ్చి ఇదే మాట చెబుతారు కదా" అన్నాడు వాడు, నవ్వి. ఆ నవ్వు అంత బాగా రాలేదు.

హెచ్ఆర్ ఆఫీసరు దాన్ని రీడరు కింద తనే పెట్టాడు. పచ్చ లైటు. ఆ గదిలోనే ఒక మూల, ఉద్యోగుల గుర్తింపు కార్డులు తయారుచేసే లామినేషన్ మిషన్ ఉంది, చిన్నది. సర్టిఫికెట్ అంతా అందులో పట్టదు. ప్రోగ్రామర్ కత్తెర అడిగి తీసుకున్నాడు. సీలున్న కింది మూల కత్తిరించాడు. ఆ ముక్కని ప్లాస్టిక్‌లో పెట్టి రెండుసార్లు ఎక్కించారు. వేడి ప్లాస్టిక్ వాసన వచ్చింది. చల్లారాక రీడరు కింద పెట్టారు.

ఎర్ర లైటు.

ఆ అమ్మాయి మొహంలోకి అప్పుడు మొదటిసారి కొంచెం రక్తం వచ్చింది. నేను లేవబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"కూర్చోండి మేడమ్. ఇప్పుడు తేలిందేంటి? అసలుది కూడా ఎర్ర చూపిస్తుందని. ఈ అమ్మాయిది అసలుదని ఎక్కడ తేలింది? రేపు నకిలీ తెచ్చిన ప్రతివాడూ లామినేషన్ చేయించుకొచ్చి, వేడికి పోయింది సార్ అంటాడు."

చాలా తెలివైనవాడు. నాకు కోపం రాలేదు. గౌరవం కలిగింది. అదృష్టం కొద్దీ, ఆ ప్రశ్న నాకూ ముందు రాత్రి అన్నం తింటూంటే వచ్చింది.

బుడగంటే లోపల గాలి. వేడికి కదులుతుంది, కలుస్తుంది, పోతుంది. రెజిన్‌లో చిక్కుకున్న దుమ్ము రేణువు గాలి కాదు. బట్ట పోగు గాలి కాదు. అవి ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. మా ప్రోగ్రాము వాటిని చూడనే చూడదు. పైనున్న మురికి అని వాటిని వదిలెయ్యమని ప్రోగ్రామరే దానికి చెప్పాడు. మా కంప్యూటర్లోనూ ఆయన రీడర్లోనూ ఉన్న, ఆ అమ్మాయి సీలు పాత ఫొటోని పెద్దది చేసి ప్రింటు తీసుకొచ్చాం. కింద ఎడమ పక్కన, కొక్కెంలా వంగిన సన్నటి పోగు ఒకటి. దాని మొన దగ్గర రెండు రేణువులు, ఒకటి నల్లగా.

ముందు ప్రోగ్రామర్ ముక్కని చూడమన్నాను. రీడరు కంప్యూటర్లోంచి దాని పాత ఫొటో తెర మీద తెరిపించాను. బుడగలన్నీ చెదిరిపోయాయి. మధ్యలో ఉన్న ఇసుక రేణువులాంటిది మాత్రం కదలలేదు. అది ఆయన ఎదురుగా వేడెక్కిన ముక్కే కనక ఇక మాట్లాడడానికి లేదు. తరవాత ఆ అమ్మాయి సర్టిఫికెట్ ముందుకి జరిపి, నా భూతద్దం ఆయన చేతికిచ్చాను. మొదటిసారి వాడేవాళ్ళకి అది పట్టుబడదు. రెప్పలు కొట్టుకుంటూ, అటూ ఇటూ జరుపుతూ తంటాలు పడ్డాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని సరిచేశాను. పరాయి మగవాడి మోచెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

"కింద ఎడమ పక్కన చూడండి."

చూస్తూనే ఉన్నాడు. ప్రింటు వైపు తల తిప్పి, మళ్ళీ భూతద్దంలోకి వంగాడు.

"కొక్కెం" అన్నాడు చివరికి. "నల్ల చుక్క కూడా ఉంది."

ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. ఆయన భూతద్దం నా చేతికిచ్చి, ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, సోమవారం వచ్చి చేరమని చెప్పాడు. తన గదిలో ఉన్న మా రీడరు వైరు మాత్రం మా ఎదురుగానే పీకి పక్కన పెట్టేశాడు. దాన్నేమీ అనలేం.

మిగిలినవి చెప్పేస్తాను. సేటు నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు, అంతే. సర్టిఫికెట్ పెట్టి ఇచ్చే కవరు మీద 'లామినేషన్ చేయరాదు' అని ఎర్ర అక్షరాలతో వేయించాం. జనం ఆ కవరు చింపి పారేసి, సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించుకున్నారు. చూస్తామన్న కాలేజీలు రాలేదు. ఏడాది తిరక్కుండా ఆ పని ఆగిపోయి మళ్ళీ లెన్సులకే వచ్చాం. పీడ పోయిందని మేస్త్రీ సంతోషించాడు. ప్రోగ్రామర్ మూల కత్తిరించిన సర్టిఫికెట్‌తోనే కొత్త కంపెనీకి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళడానికి సెలవు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడివాళ్ళు జిరాక్స్ కాపీలు చాలు అన్నారట. ఒరిజినల్ వంక కూడా చూడలేదట. ఫోనులో చెబుతూ ఒకటే నవ్వు.

ఆ శుక్రవారం నాకు ఎక్కువగా గుర్తుండేది వేరే. లిఫ్టులో దిగుతూంటే ఆ అమ్మాయి నా పక్కకి జరిగింది.

"మేడం, ఒక మాట. లామినేషన్ తోని గిట్ల అయ్యిందని మా నాయినకు చెప్పకుండ్రి."

నేను ఆమె వైపు చూశాను.

"మొన్నటి సంది ఆయనకు నిద్ర లేదు. ఎవడు మోసం చేసిండో అని ఇన్‌స్టిట్యూటోల్లను తిడుతున్నడు. తను చేయించిందే అని తెలిస్తే..." అని ఆగిపోయింది. "జిందగీ మొత్తం మనసుల పెట్టుకుంటడు మేడం. నాకు తెలుసు."

కింద ఆయన మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. అడుగు ముందుకి వెయ్యలేదు.

"ఏమాయె బిడ్డా?"

"అయిపోయింది నాయినా. సోమారం జాయిన్ గమ్మన్నరు."

ఆయన మొహం పక్కకి తిప్పుకుని భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తరవాత నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"ఏం తక్లీఫ్ వచ్చిందమ్మా దాంట్ల?"

ప్రోగ్రామర్ తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది.

"మా మిషన్ పాడైందండి" అన్నాను. "మీ కాగితంలో ఏమీ లేదు."

"నేను ముందే అన్లే బిడ్డా?" అన్నాడు కూతురితో. సర్టిఫికెట్ అడిగి తీసుకున్నాడు. తువ్వాలు కొసతో ఆ ప్లాస్టిక్‌ని ఒకసారి పైనుంచి కిందికి, వెనక్కి తిప్పి ఇంకోసారి తుడిచాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు.

"గింత మంది చేతులు మారింది. ఒక్క మరక లేదు సూడమ్మా" అన్నాడు. "ఆ దినం లామినేషన్ చేయించిన గాబట్టి సరిపోయింది. లేకుంటె ఇయ్యాల నా బిడ్డ బతుకు ఏమైతుండెనో."

"నిజమేనండి" అన్నాను. "మంచి పని చేశారు."